పసిబిడ్డ ముక్కులో గొట్టాలు: ఇంట్లో ఎలా చూసుకోవాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకి నెల నిండింది. పుట్టుకతోనే ముక్కు ముందుభాగంలో ఎముక దారి ఇరుకుగా ఉందని ఆపరేషన్ చేసి, రెండు రంధ్రాల్లో గొట్టాలు పెట్టి ఇంటికి పంపారు. ఇంకో రెండు వారాలు ఉంచాలట. మాటిమాటికీ జిగురు పేరుకుంటోంది. అత్తగారేమో కొబ్బరినూనె చుక్క వేయమంటున్నారు. అసలీ గొట్టాలెందుకు? మూసుకుపోతే ఏం చేయాలి?
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ముందు నూనె సంగతి. వద్దు. అది ఊపిరితిత్తుల్లోకి జారితే వచ్చే న్యుమోనియా యాంటీబయాటిక్స్‌కి లొంగదు. చనుబాల చుక్కలూ వద్దు, ఎండి గొట్టంలో పెచ్చు కడతాయి. స్నానమయ్యాక సాంబ్రాణి పొగ, ముక్కులో నోటితో ఊదడం కూడా మానేయండి.

నెలలు నిండి పుట్టిన బిడ్డకి సీటీ స్కాన్‌లో పైరిఫామ్ అపర్చర్ (ముక్కు ముందుభాగంలోని ఎముక దారి) వెడల్పు 11 మిల్లీమీటర్ల లోపుంటే ఇరుకు అంటాం. పై పెదవి లోపలి నుంచి వెళ్లి డ్రిల్‌తో ఎముకను అరగదీస్తారు. ఆ పచ్చి పుండు అంటుకుపోకుండా, వాపు దారిని మూసేయకుండా కాపలా ఉండేదే ఈ గొట్టం, అంటే స్టెంట్. చాలాచోట్ల అది మత్తు ఇచ్చేటప్పుడు శ్వాసనాళంలో పెట్టే 3.5 సైజు ఎండోట్రాకియల్ ట్యూబ్ నుంచి కోసిన ముక్కే. స్టెంట్లను ఎన్నాళ్లుంచాలన్న దానిపై సర్జన్లలో ఏకాభిప్రాయం లేదు. వారం నుంచి నాలుగు వారాల వరకూ ఉంచేవాళ్లున్నారు. ఎక్కువ రోజులుంచితే మంచిదనుకోకండి, ఒరిపిడికి లోపల కండ పెరుగుతుంది.

అసలు ప్రమాదం పూడుకుపోవడం. ఈ వయసు బిడ్డ ప్రధానంగా ముక్కుతోనే ఊపిరి తీసుకుంటాడు. గొట్టం పూడితే దాని పక్కన గాలికి సందుండదు. అందుకే పూడిన స్టెంటు కన్నా అసలు లేకపోవడమే నయం.

పాలు పట్టే ముందు ప్రతిసారీ ఒక్కో గొట్టంలో 2-3 చుక్కలు 0.9 శాతం సెలైన్ వేసి, అర నిమిషం ఆగి, జిగురు పీల్చే సన్నని గొట్టం, 6 ఫ్రెంచ్ సైజు సక్షన్ క్యాథెటర్‌తో తీయండి. స్టెంట్ పొడవెంతో సర్జన్‌ని అడిగి, క్యాథెటర్ మీద అంత దగ్గర టేపు చుట్టుకోండి. టేపు దాటి లోపలికి పోతే వెనక గోడ గీరుకుని రక్తం వస్తుంది. లోపలికి దూర్చేటప్పుడు సక్షన్ ఉండకూడదు, బయటికి లాగేటప్పుడే. మొత్తం 5-10 సెకన్లు. మెషీన్ ఒత్తిడి 100 మిల్లీమీటర్ల మెర్క్యురీ దాటనివ్వకండి. జిగురులో కాస్త గులాబీ రంగుంటే కంగారక్కర్లేదు.

రోజూ వెలుతురులో ముక్కుపుటం అంచు, రెండు రంధ్రాల మధ్య చర్మం చూడండి. తెల్లబడినా, పుండు పడ్డా గొట్టాన్ని పట్టి ఉంచే కుట్టు బిగుతైందన్నమాట. ఆరోజే చూపించండి, ఆలస్యమైతే మచ్చపడి రంధ్రమే ముడుచుకుపోతుంది.

పాలు తాగుతూ నీలం తిరిగినా, డొక్కలు ఎగరేసినా పాలు ఆపి, సెలైన్ వేసి సక్షన్ చేయండి. క్యాథెటర్ దూరకపోతే ఇక ప్రయత్నించొద్దు. నోరు తెరిచి ఉంచి ఆస్పత్రికి పరుగెత్తండి, 108కి ఫోన్ చేయించండి. ఏడుస్తుంటే ఊరుకోబెట్టకండి, ఏడుపులో నోటితో గాలి అందుతుంది. గొట్టం ఊడొస్తే మీరు తిరిగి దూర్చకండి. నోట్లో పెట్టి గాలిదారి తెరిచి ఉంచే చిన్న సైజు ఓరల్ ఎయిర్‌వే ఒకటి ఇప్పించుకుని, పెట్టడం ఆస్పత్రిలోనే నేర్చుకోండి. రొమ్ము పట్టి అలసిపోతుంటే, పిండిన పాలు ఉగ్గుగిన్నెతో కొంచెం కొంచెంగా పట్టొచ్చు.

గొట్టాలు తీశాక కూడా కొన్ని వారాలు సెలైన్ తప్పదు. మళ్లీ గురక, పాలు తాగలేకపోవడం మొదలైతే వెంటనే ఎండోస్కోపీ చేయించాలి.

ఇంకొకటి, ఈ ఇరుకున్న పిల్లల్లో కొందరికి పైచిగురు మధ్యలో ఒకే పెద్ద పన్ను వస్తుంది. సీటీ స్కాన్‌లో ఆ పన్ను మొగ్గ కనబడిందేమో అడగండి. ఉంటే మెదడులో, దాని కిందుండే పిట్యూటరీ గ్రంథిలో కూడా లోపాలుండొచ్చు కాబట్టి మెదడు ఎమ్మారై, పిట్యూటరీ హార్మోన్ల పరీక్షలు చేయించాలి.