హంపిలో భువనవిజయం ఎక్కడ? – పాఠకుల యాత్రా ప్రశ్నలకు జవాబులు

కార్తీకం వచ్చిందంటే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ప్రయాణాల ఊసు పెరుగుతుంది. ఈసారి వాటిలో ఎక్కువ భాగం హంపిని గురించినవే కావడంతో, మిగిలిన ఊళ్ళను పై సంచికకు వాయిదా వేసి, తుంగభద్ర ఒడ్డునున్న ఆ పాత రాజధానికే ఈ పుటలను కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మా అమ్మగారికి డెబ్బై రెండేళ్ళు, మోకాళ్ళ నొప్పులున్నాయి. రెండు రోజుల్లో హంపి చూపించి తీసుకురావాలని నా కోరిక. ఎలా వెళ్ళాలి, ఎలా తిరగాలి?
– ఒక ఉపాధ్యాయిని, గుంటూరు

జవాబు: తప్పకుండా తీసుకువెళ్ళండి. హంపిని ఒక క్షేత్రంగా కాక, జనం ఖాళీ చేసి వెళ్ళిపోయిన ఒక రాజధానిగా ఊహించుకుని బయలుదేరితే తిరుగుడు సులువవుతుంది. ఉత్తరాన తుంగభద్ర, దాని ఒడ్డున గుట్టలుగా పేరుకున్న బండరాళ్ళ నడుమ గుళ్ళు ఉంటాయి. దక్షిణాన, కమలాపురం వైపు, రాచనగరు ఉంటుంది. ఈ రెంటికీ మధ్య విజయనగర రాజులు తవ్వించిన కాలువల కింద ఇప్పటికీ పండుతున్న వరిమళ్ళూ అరటితోటలూ పరుచుకుని ఉంటాయి. చూడవలసినవన్నీ దాదాపు ఈ రెండు చోట్లనే ఉన్నాయి కనుక మొదటి రోజు ఏటి ఒడ్డు గుళ్ళకూ, రెండో రోజు రాచనగరుకూ వదిలిపెట్టండి. అన్నీ ఒక్క పూటలో చుట్టి వచ్చినవారికి ఇంటికి చేరేసరికి ఏ మంటపం ఏ గుడిదో గుర్తుండదు.

గుంటూరు నుంచి నంద్యాల, గుంతకల్లు, బళ్ళారి మీదుగా హుబ్బళ్ళి వెళ్ళే అమరావతి ఎక్స్‌ప్రెస్ మిమ్మల్ని హోసపేటలో దింపుతుంది. అక్కడి నుంచి హంపి సుమారు 13 కిలోమీటర్లు. బస్సులూ ఆటోలూ ఉంటాయి. బస హోసపేటలో దొరకడం తేలికే గాని, పెద్దావిడ కోసమైతే రాచనగరుకు దగ్గరలో ఉన్న కమలాపురంలో చూసుకోవడం మేలు. రోజంతటికీ ఒకే ఆటో మాట్లాడుకుంటే ప్రతిచోటా బేరమాడే బాధ తప్పుతుంది.

విరూపాక్షాలయం చదునైన చోటే ఉంది, పూజలు జరుగుతున్న గుడి కూడాను, కాబట్టి అమ్మగారికి దర్శనానికి ఇబ్బంది ఉండదు. విఠలాలయానికి వాహనాలను సుమారు కిలోమీటరు ఇవతలే ఆపేస్తారు. అక్కడి నుంచి బ్యాటరీ బండ్లు నడుస్తాయి. ఆదివారాల్లోనూ సెలవుల్లోనూ వాటి కోసం వరుస పెద్దదిగా ఉంటుంది కాబట్టి పొద్దున్నే చేరుకోండి. విరూపాక్షం నుంచి కోదండరామాలయం మీదుగా ఏటి వెంబడే విఠలాలయానికి కాలిదారి ఒకటి ఉంది. హంపి మొత్తంలో అంత అందమైన నడక మరొకటి లేదు. కాని అందులో బండలెక్కి దిగడం తప్పదు గనుక, అమ్మగారిని తోడిచ్చి ఆటోలో పంపి మీరు నడవండి. మాతంగ పర్వతం జోలికి మాత్రం ఆవిడను తీసుకువెళ్ళవద్దు.

విఠలాలయానికి, లోటస్ మహల్ ఉన్న రాణివాసపు ఆవరణకు, కమలాపురం మ్యూజియానికి పురావస్తు శాఖవారి టికెట్టు ఒక్కటే. కాని అది ఆ ఒక్క రోజుకే చెల్లుతుంది. మేము చెప్పిన పద్ధతిలో తిరిగితే రెండో రోజు మళ్ళీ కొనవలసి వస్తుంది. ఆ కొద్ది రూపాయల కోసం రెండు ఆవరణలనూ ఒకే రోజుకు కుదించి ఆవిడ మోకాళ్ళను పరీక్షించకండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్ళడానికి అనువైన కాలం. తరువాత రాయి కాలడం మొదలవుతుంది. ఇది ఒకసారి మే నెల మిట్టమధ్యాహ్నం విరూపాక్షుని ప్రాకారంలో చెప్పుల్లేని కాళ్ళతో నీడ నుంచి నీడకు గంతులు వేసిన మనిషి చెబుతున్న మాట.

ప్రశ్న: కృష్ణదేవరాయలు అష్టదిగ్గజాలతో కొలువుతీరిన భువనవిజయం హంపిలో ఎక్కడుంది? మిత్రులు ఇద్దరు వెళ్ళి వచ్చి, ‘అలాంటిదేమీ లేదు’ అన్నారు.
– ఒక డిగ్రీ విద్యార్థి, కర్నూలు

జవాబు: మీ మిత్రులు నిలబడి ఉన్న భవనం కోసం వెతికి ఉంటారు. అలా వెతికితే భువనవిజయమే కాదు, రాయలు నివసించిన మేడ కూడా దొరకదు. విజయనగరంలో దేవుళ్ళ ఇళ్ళు రాతితో కట్టారు; రాజుల ఇళ్ళకు రాయి అడుగు పీఠం వరకే, ఆ పైన కలప, ఇటుక, సున్నం. 1565లో దక్కను సుల్తానుల కూటమితో జరిగిన యుద్ధంలో అళియ రామరాయలు మరణించిన తరువాత నెలల తరబడి నగరం దోపిడీకి గురైంది. ఆ మంటల్లో కలప కాలిపోయింది, పీఠాలు మిగిలాయి. అందుకే హంపి రాచనగరును తలెత్తి కాదు, తల వంచి చూడాలి.

రాచ ఆవరణలో సభామంటపం అని పిలిచే ఒక ఎత్తైన అరుగు ఉంది. దాని మీద వరుసకు పది చొప్పున పది వరుసలుగా స్తంభాలను నిలిపిన రాతి దిమ్మెల ఆనవాళ్ళు కనిపిస్తాయి. వాటి మీద నిలబడిన నూరు కొయ్య స్తంభాలూ పోయాయి. పక్కన పైఅంతస్తుకు ఎక్కిన మెట్లు మాత్రం మిగిలాయి. ఇదే భువనవిజయమని నిశ్చయంగా చెప్పే ఆధారం లేదు. గైడు అలా చెబితే దాన్ని ఊహగానే తీసుకోండి. అయినా సాయంకాలపు ఏటవాలు ఎండలో ఆ దిమ్మెల మధ్య కాసేపు నిలబడండి. రాజసభ ఎంత పెద్దదిగా ఉండేదో కొలతలతో సహా అర్థమవుతుంది.

కవుల కొలువు చిరునామా దొరకకపోయినా, నవరాత్రి కొలువు చిరునామా దొరుకుతుంది. ఆ పక్కనే ఉన్న మహానవమి దిబ్బను 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పయేస్ ‘విజయగృహం’ అన్నాడు. ఒడ్డెరాజుపై, అంటే ఒరిస్సా గజపతిపై, గెలిచివచ్చిన సందర్భంలో రాయలు దాన్ని కట్టించాడని రాశాడు. తొమ్మిది రోజుల ఉత్సవాన్నీ కళ్ళారా చూసి వర్ణించిన మనిషి అతను. దిబ్బ పక్కరాళ్ళ మీద వేట, ఏనుగులు, గుర్రాలు, నర్తకులు వరుసకట్టి ఉంటారు.

రాయల సంతకమే చూడాలంటే మరో రెండు చోట్లకు వెళ్ళండి. తన పట్టాభిషేక సందర్భంలో విరూపాక్షాలయ రంగమంటపాన్ని కట్టించినట్టు చెప్పే 1510 నాటి శాసనశిల ఆ మంటపం ఎదుటనే నిలబడి ఉంది. ఇక బాలకృష్ణాలయం మన నెల్లూరు సీమతో ముడిపడినది. గజపతుల నుంచి ఉదయగిరి దుర్గాన్ని గెలిచినప్పుడు అక్కడి నుంచి తెచ్చిన బాలకృష్ణ విగ్రహం కోసమే ఆ గుడి వెలసింది. విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. హంపిలో ఉన్నది దేవుడు లేని గుడి.

తెలుగు విద్యార్థి గనుక మీకు మరొక్క మాట. రాచనగరులోని హజార రామాలయం పేరు చూసి అందులో వేయి రామబింబాలు ఉంటాయని చాలామంది అనుకుంటారు. రాజగృహపు ముందరి మంటపానికి తెలుగులో ‘హజారము’ అనే మాట ఉంది. గుడి పేరు దాని నుంచే వచ్చిందని ఒక వాదం. నగరి వాకిట ఉన్న ఆ గుడిని చూసినవారికి ఈ వాదమే సబబుగా తోస్తుంది.

ప్రశ్న: విఠలాలయపు సంగీత స్తంభాలను మనం మీటి వినవచ్చునా? రాతి రథం ఏకశిల అన్నది నిజమేనా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాదు

జవాబు: మీటకూడదు. ఒకే శిలలో నడిమి స్తంభం చుట్టూ సన్నని కడ్డీల వంటి చిన్న స్తంభాలను విడదీసి చెక్కారు. ఆ కడ్డీల లావు, పొడవు మారినకొద్దీ తట్టినప్పుడు పలికే ధ్వని మారుతుంది. దశాబ్దాల పాటు వచ్చినవారల్లా తట్టి చూడడంతో అవి దెబ్బతిన్నాయి, అందుకే ముట్టుకోవడాన్ని నిషేధించారు. ‘ఎవరూ లేరు, ఒక్కసారి వినిపిస్తాను’ అని ఎవరైనా చెయ్యి చాపితే వద్దనండి.

రథం ఏకశిల కాదు. దగ్గరగా చూస్తే అతుకులు కనబడతాయి. అది విఠలునికి ఎదురుగా ఉన్న గరుత్మంతుని గుడి, రథం ఆకారంలో కట్టారు. పైన ఒకప్పుడు ఇటుక గోపురం కూడా ఉండేది. 1856లో తీసిన ఛాయాచిత్రంలో అది కనిపిస్తుంది. ముందున్న ఏనుగులు కూడా మొదట అక్కడివి కావు. వాటి వెనక్కి వెళ్ళి వంగి చూడండి, పాత గుర్రాల వెనుక కాళ్ళూ తోకలూ ఇంకా రాతికి అంటుకుని ఉన్నాయి. ఆ రథమే మీ జేబులోని కొత్త 50 రూపాయల నోటు వెనుక ఉంది; పోల్చి చూసుకోవచ్చు.

ప్రశ్న: డిసెంబరులో పిల్లలతో ఇండియా వస్తున్నాము. పదేళ్ళ అబ్బాయి, పదమూడేళ్ళ అమ్మాయి. ‘మళ్ళీ గుళ్ళేనా’ అంటున్నారు. హంపిలో వారికేమైనా ఉందా?
– ఒక తల్లి, డాలస్

జవాబు: మూడు చోట్లు చూపించండి. మొదటిది, విరూపాక్షాలయంలో గర్భగుడి వెనుకవైపు కొన్ని మెట్లెక్కితే వచ్చే చీకటి గది. దాని గోడలో చిన్న రంధ్రం ఉంది. తూర్పున దాదాపు 50 మీటర్ల ఎత్తున నిలిచిన రాజగోపురపు బొమ్మ, ఆ రంధ్రం గుండా వచ్చి, ఎదుటి గోడ మీద తలకిందులుగా పడుతుంది. గోపుర శిఖరం నుంచి వచ్చే వెలుగు కిందికీ, అడుగు నుంచి వచ్చేది పైకీ పోవడం వల్ల అలా జరుగుతుంది. బడిలో అట్టపెట్టెతో చేయించే సూదిబెజ్జం కెమెరా ఇదే. అబ్బాయి చేతికి తెల్ల రుమాలు ఇచ్చి చాచి పట్టుకోమనండి. రంధ్రానికి దగ్గరయ్యేకొద్దీ గోపురం చిన్నదై మెరుస్తుంది, దూరం జరిగేకొద్దీ పెద్దదై మసకబారుతుంది. చిత్రమేమిటంటే, మంత్రమహిమ అని చెప్పి త్వరగా బయటికి పంపేవారే గాని, ఈ ఆటను ఆడించేవారు అక్కడ కనబడరు.

రెండోది హజార రామాలయం. గోడ మీద మూడు వరుసల్లో రామాయణం చెక్కి ఉంది; ప్రదక్షిణంగా నడుస్తూ బొమ్మల కథలా చదువుకోవచ్చు. శ్రవణకుమారుణ్ణి, ఏడు తాళవృక్షాలను ఒక్క బాణంతో కొట్టే రాముణ్ణి ముందుగా ఎవరు పట్టుకుంటారో పందెం వేయండి. మూడోది, రాచ ఆవరణలో 1980లలో తవ్వకాల్లో బయటపడిన నల్లరాతి మెట్ల కోనేరు. దాని రాళ్ళ మీద ఏ దిక్కున, ఏ వరుసలో, ఏ మెట్టుకు పెట్టాలో చెప్పే గుర్తులు చెక్కి ఉన్నాయి. అంటే రాళ్ళను ముందే చెక్కి, గుర్తులు వేసి తెచ్చి, ఇక్కడ అమర్చారన్నమాట. బొమ్మరిల్లు ముక్కలు కూర్చే పిల్లలకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

ప్రశ్న: ఏరు దాటి ఆనెగొంది వెళ్ళడమెలా? హనుమంతుడు పుట్టింది అక్కడి అంజనాద్రి మీదనా, తిరుమలలోనా?
– ఒక పాఠకుడు, వరంగల్లు

జవాబు: రెండో ప్రశ్నపై 2021లో తిరుమల తిరుపతి దేవస్థానం తన వాదన ప్రకటించింది, ఆనెగొందే కిష్కింధ అనేవారు తమ వాదన వదలలేదు, ఈ శీర్షిక మధ్యలో తల దూర్చదు. ఏ కొండైనా మెట్లు ఎక్కవలసిందే, ఆనెగొంది అంజనాద్రికి అయిదు వందలు పైచిలుకు ఉన్నాయి. చేతిలో అరటిపండ్ల సంచి పెట్టుకుని ఎక్కకండి, అక్కడి కోతులకు అది మీదన్న పట్టింపు ఉండదు.

ఏరు దాటడానికి కట్టిన వంతెన 2009లో నిర్మాణంలో ఉండగానే కూలిపోయింది. ఇప్పుడు తళవారఘట్ట రేవు దగ్గర పడవ ఎక్కాలి, లేదా రోడ్డు మీద చుట్టూ తిరిగి వెళ్ళాలి. విఠలాలయం వైపు పుట్టి షికారు కూడా ఉంటుంది. వరద ఉన్న రోజుల్లో అడగవద్దు. అవతలి ఒడ్డున విరూపాపుర గడ్డలో చవక బసలున్నాయని పాత పుస్తకాల్లో చదివి వెళ్ళేవారు ఇంకా ఉన్నారు. సుప్రీంకోర్టు తీర్పు తరువాత 2020లో అవన్నీ తొలగించారు. పొద్దుగూకితే రేవులో పడవ ఉండదు, కాబట్టి బస ఇవతలి ఒడ్డున ఉంటే అంజనాద్రి మీద సూర్యాస్తమయం చూడాలన్న ముచ్చటకు ముందు తిరుగు ప్రయాణానికి ఆటో మాట్లాడి పెట్టుకోండి.