పాత కంప్యూటర్ దొరికిందని వెంటనే స్విచ్ వేయకు

చి. కిరణ్‌కి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ఫోటోలన్నీ పెద్దవి చేసుకుని చూశాను. స్కూలు స్టోర్‌రూమ్‌లో దొరికిన ఆ లేత గోధుమరంగు పెట్టె బీబీసీ మైక్రోనే, అనుమానం లేదు. పైవరసలో ఎర్రటి ఫంక్షన్ కీలు చూస్తేనే తెలిసిపోతుంది. ఇంగ్లండులో ఏకార్న్ కంపెనీ 1981లో తెచ్చిన మెషీన్ అది. 6502 ప్రాసెసర్, 32 కేబీ మెమరీ. 1980ల మధ్యలో మన కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ అనే పథకం పెట్టి బడులకు కంప్యూటర్లు ఇచ్చినప్పుడు ఇచ్చినది ఈ మోడలే. నీ వయసు పిల్లలకి దాని సంగతి తెలియదుగానీ, మన దేశంలో చాలామంది మొట్టమొదట వేలు పెట్టిన కీబోర్డు అది. రెండోది, మన విశాఖ డాబాగార్డెన్స్‌లో డీటీపీ సెంటర్ ఎత్తేస్తుంటే నువ్వు తెచ్చుకున్న 486, అంటే 486 ప్రాసెసర్ ఉన్న పాత పీసీ. అందరూ బీబీసీనే మెచ్చుకుంటారు. నా దృష్టిలో ఆ 486 ఎక్కువ విలువైనది. ఎందుకో తర్వాత చెప్తాను.

రెండింటిలో దేనికీ ఇంకా కరెంటు ఇవ్వలేదని రాశావు. చాలా మంచి పని చేశావు. అలాగే ఉంచు. ముప్పై ఏళ్ళు ఆగినవి ఇంకో నెల ఆగుతాయి.

బీబీసీ సంగతి ముందు చెప్తాను. దాని ఎస్‌ఎంపీఎస్ లోపల, అంటే పవర్ సప్లై డబ్బాలో, కరెంటు వచ్చే చోటే, పసుపు ఛాయలో పారదర్శకంగా ఉండే చిన్న చదరపు బిళ్ళల్లాంటి కండెన్సర్లు ఉంటాయి. రీఫా అని వాటి మీద రాసి ఉంటుంది. లోపల కాయితం, పైన ప్లాస్టిక్ పోత. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ పోతకి వెంట్రుకవాసి బీటలు పడతాయి, ఆ బీటల్లోంచి కాయితం చెమ్మ పీల్చుకుంటుంది. అప్పుడు 230 వోల్టులు ఇచ్చావనుకో, కొన్ని నిమిషాలు చక్కగా నడిచి, ఉన్నట్టుండి టప్‌మని పేలి గదంతా పొగ కమ్మేస్తుంది. ఆ కంపు రెండు రోజులకిగానీ పోదు. పొడిగాలి ఉన్న దేశాల్లోనే అవి పేలుతున్నాయంటే, మన సముద్రం ఒడ్డున చెప్పేదేముంది? బయటికి ఎంత బాగా కనబడినా సరే, వాటిని తీసేసి అదే విలువలో, మెయిన్స్ కరెంటుకి తగిన ఎక్స్2 రకం కొత్తవి వేయాలి. పదులు, ఇరవైల రూపాయల్లో అయిపోయే పని.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నాను. ఎస్‌ఎంపీఎస్ ప్లగ్గు పీకేసినా లోపల పెద్ద కండెన్సర్‌లో 300 వోల్టుల పైచిలుకు నిలిచి ఉండొచ్చు. మల్టీమీటర్ పెట్టి చూడకుండా వేలు పెట్టకు. మొదటిసారి నేను పక్కన ఉన్నప్పుడే విప్పు. ఇక మానిటర్ పిక్చర్ ట్యూబు జోలికి అసలు పోవద్దు. రంగుల ట్యూబులో 20 వేల వోల్టుల పైన ఉంటుంది, ఆపేశాక కూడా పట్టుకుని ఉంటుంది. దాన్ని పాత టీవీ మెకానిక్కులకి వదిలెయ్యి. ఊళ్ళో ఇంకా ఉన్నారు, పైగా అలాంటి పని వచ్చిందంటే వాళ్ళకీ సంతోషమే.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు సిరీస్ బల్బు పెట్టి ఇవ్వు. ఫేజు తీగకి వరసలో ఒక మామూలు ఫిలమెంట్ బల్బు, 60 లేక 100 వాట్లది. ఎల్‌ఈడీ పనికిరాదు. లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, మెషీన్ బతికిపోతుంది. అంతా బాగుంటే ఒక్కసారి మెరిసి మందగిస్తుంది. 486 విషయంలో ఇంకో జాగ్రత్త. ఎస్‌ఎంపీఎస్ నుంచి మదర్‌బోర్డుకి వెళ్ళేవి రెండు ప్లగ్గులు, పీ8, పీ9. రెండూ ఒకేలా ఉంటాయి, ఒకదాని చోట ఒకటి పెట్టినా దూరిపోతాయి. నల్లతీగలు నాలుగూ మధ్యలో పక్కపక్కన రావాలి. తేడాగా పెడితే బోర్డు అక్కడికక్కడే పోతుంది. ముందు బోర్డు తగిలించకుండా, పనికిరాని హార్డ్‌డిస్క్ ఒకటి లోడుగా పెట్టి 5, 12 వోల్టులు సరిగ్గా వస్తున్నాయో లేదో మీటరుతో చూసుకో. అమెరికా నుంచి మన బంధువులు ఎవరైనా అక్కడి పాత మెషీన్ తెచ్చిస్తే అది 110 వోల్టులది కావొచ్చు. వెనక స్విచ్ ఉందేమో చూడు, లేకపోతే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి.

ఇప్పుడు నీ 486 బోర్డు. నువ్వు పంపిన మూడో ఫోటోలో కీబోర్డు సాకెట్టు పక్కన నీలం రంగులో చిన్న పీపాలాంటిది ఉంది చూడు, దాని చుట్టూ తెల్లగా, పచ్చగా పొడి పేరుకుని ఉంది. అది 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ. కారింది. దాన్ని ఈ రోజే కటింగ్ ప్లయర్‌తో కత్తిరించి తీసెయ్యి, ఆదివారం దాకా ఆగకు. దాంట్లోంచి కారేది క్షారం. అది బోర్డు మీది సన్నటి రాగి గీతల (ట్రేసుల) వెంట పాకుతూ, పైన ఉండే పచ్చరంగు పూత కిందకి దూరి తినేస్తూ పోతుంది. చేతికి గ్లవ్స్ వేసుకుని తెల్ల వెనిగర్‌లో ఇయర్‌బడ్ ముంచి ఆ పొడి మీద అద్దు. సన్నగా నురగ వస్తుంది. నురగ ఆగేదాకా అద్ది, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఫ్యాన్ కింద ఒక పూటంతా ఆరనివ్వు. నిమ్మరసంతో కూడా పని అవుతుందని అంటారు, నిజమే, కానీ అందులో చక్కెర, పీచు బోర్డు మీద మిగిలిపోతాయి. వెనిగరే వాడు.

ఆరిన తర్వాత అసలు పని మొదలవుతుంది. భూతద్దం పట్టుకుని నల్లబడిన ట్రేసులన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ పో. అనుమానం ఉన్న చోట పూతని బ్లేడుతో మెల్లిగా గీరి రాగి మెరిసేదాకా తేల్చు, రెండు కొసల మధ్య మీటర్ బీప్ అంటుందో లేదో విను. తెగిన చోట సన్నతీగ అతికించు. ఇదంతా చాలా నెమ్మదైన పని. ఈ హాబీలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. ఒక్కో గీత ఎక్కడ బయల్దేరి ఎక్కడికి పోతోందో వెతుక్కుంటూ వెళ్తే ఆ మెషీన్ ఎలా ఆలోచిస్తుందో నీకే అర్థమవుతుంది. ఏ పుస్తకం చదివినా అంత బాగా రాదు. కొత్త బ్యాటరీగా కాయిన్ సెల్ పెడతావు కాబట్టి మధ్యలో ఒక డయోడ్ తప్పనిసరి. లేకపోతే బోర్డు దాన్ని ఛార్జ్ చేయాలని చూస్తుంది, అది ఛార్జ్ చేయకూడని సెల్.

మన ఊరి గాలి గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం అసంపూర్ణం. విదేశీయులు పెట్టే వీడియోల్లో అటక మీంచి దింపి తుడిచి స్విచ్ వేస్తారు, పనిచేస్తుంది. ఇక్కడ అలా కుదరదు. లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు ఇళ్ళల్లో ఉప్పుగాలికి కిటికీ ఊచలే నిలవవు, ఐసీ చిప్పుల కాళ్ళు ఎంత? వన్‌టౌన్ వైపు అయితే పోర్టు బొగ్గు, ఐరన్ఓర్ దుమ్ము వేరే. అందుకే ఇక్కడ దొరికే మెషీన్లలో సగం రోగాలు సాకెట్లలోనే ఉంటాయి. బీబీసీ తెర మీద ఏమీ రాకపోతే కంగారు పడి చిప్పులు కొనేయకు. సాకెట్టులో ఉన్న ప్రతి ఐసీని మెల్లిగా పైకి లేపి, కాళ్ళు తుడిచి, మళ్ళీ నొక్కు. ఏది ఎటు తిరిగి ఉందో ముందే ఫోటో తీసుకో. కార్డుల బంగారు అంచులకి చిలుము పడితే పెన్సిల్ రబ్బరుతో సున్నితంగా రుద్ది ఆల్కహాల్‌తో తుడువు.

దాచడానికి ఏసీ గది అక్కర్లేదు. బిగుతుగా మూత పడే ప్లాస్టిక్ డబ్బాలు, లోపల చెమ్మ పీల్చి రంగు మారే సిలికా జెల్. రంగు మారగానే వేడిచేసి మళ్ళీ వాడుకోవచ్చు. డబ్బాలు నేల మీదా, కిటికీ పక్కనా పెట్టకు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ ఊళ్ళో ఎన్ని కిటికీలు ఎగిరిపోయాయో మీ అమ్మనడుగు. డబ్బాలో పెట్టేసి మర్చిపోయినా కష్టమే. రెండు మూడు నెలలకోసారి తీసి అరగంట నడపాలి. కాబట్టి అన్నీ పోగేయాలని చూడకు. నువ్వు నడపగలిగినన్నే ఇంట్లో పెట్టుకో.

ప్లాస్టిక్ పసుపెక్కిందని బాధపడ్డావు. అందులో మంటలు అంటుకోకుండా కలిపే బ్రోమిన్ పదార్థాలు, ఎండ, గాలి కలిసి చేసిన పని అని సాధారణంగా చెప్తారు. హైడ్రోజన్ పెరాక్సైడ్ రాసి ఎండలో పెడితే తెల్లబడుతుంది, మన విశాఖ ఎండకి ఇంకా తొందరగా. కానీ కొన్నాళ్ళకి మళ్ళీ పసుపెక్కుతుంది, సరిగ్గా చేయకపోతే చారలు పడతాయి. నేనైతే వదిలేస్తాను. వయసు కనబడితే నష్టమేమీ లేదు.

ఇక 486 ఎందుకు విలువైనదన్నానో చెప్తాను. అది డీటీపీ సెంటర్ మెషీన్. దాని హార్డ్‌డిస్కులో, దాంతోపాటు వచ్చిన ఫ్లాపీల డబ్బాలో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేసిన తెలుగు పేజీలు ఉంటాయి. శుభలేఖలు, సావనీర్లు, చిన్న పత్రికలు, ఎవరో సొంత డబ్బుతో వేసుకున్న కవితల పుస్తకాలు. విండోస్ ఎక్స్‌పీ వచ్చేదాకా, అంటే 2001 దాకా, విండోస్‌లో తెలుగుకి సొంతంగా చోటు లేదు. అప్పటివాళ్ళు అను, శ్రీలిపి లాంటి ఫాంట్లతో ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు ముక్కలు పెట్టి టైప్ చేశారు. ఆ ఫైలు ఇవాళ్టి కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి రాతలు కనబడతాయి. ఆ ఫాంటు, ఆ పేజ్‌మేకర్, ఆ విండోస్ మూడూ కలిసి ఉంటేనే అది మళ్ళీ తెలుగవుతుంది. అచ్చు ప్రతి చెదలు తినేసినవి ఎన్నో ఉంటాయి, ఫ్లాపీలో మాత్రమే మిగిలినవి. పాత కంప్యూటర్లు బాగుచేసే తెలుగువాడు మొదట చేయాల్సిన పని ఇదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

కాబట్టి ఆ డిస్కుని బూట్ చేసి చూద్దామని ఆత్రపడకు. దాన్ని ఊడదీసి, లైనక్స్ ఉన్న పాత పెంటియం మెషీన్‌కి తగిలించి, డీడీరెస్క్యూ (ddrescue) అనే ప్రోగ్రాముతో మొత్తం డిస్కుకి నకలు తీయి. అంత పాత డిస్కులు యూఎస్‌బీ ఎడాప్టర్లకి చాలావరకు లొంగవు. ఫ్లాపీలైతే ముందు షట్టర్ జరిపి, దీపం వెలుగులో పళ్ళెం చేత్తో తిప్పి చూడు. తెల్లమచ్చలు ఉంటే ఫంగస్. మన చెమ్మకి అది మామూలే. అలాంటిది డ్రైవ్‌లో పెడితే ఆ ఫ్లాపీ పోతుంది, హెడ్ పాడవుతుంది, తర్వాత పెట్టిన మంచి ఫ్లాపీ కూడా గీసుకుపోతుంది. తొడుగు విప్పి ఆల్కహాల్‌తో తుడిచి, వేరే శుభ్రమైన తొడుగులోకి మార్చి అప్పుడు చదివించు. గ్రీజ్‌వీజిల్ అనే చిన్న బోర్డు కొనుక్కో. మామూలు డ్రైవుని యూఎస్‌బీకి కలిపి, ఫ్లాపీ మీద ఉన్న అయస్కాంతపు మార్పులని ఉన్నదున్నట్టు పట్టేస్తుంది. ఆ నకళ్ళు రెండు చోట్ల దాచు. ఇందులో ఎవరి సొంత కాగితాలో, ఖాతాలో కనబడితే చదవకు, ఆ సెంటర్ ఆయనకి చెప్పి ఆయన ఏం చేయమంటే అది చెయ్యి.

నకలు చేతికొచ్చాక ఎమ్యులేటర్, అంటే కొత్త కంప్యూటర్‌లో పాత మెషీన్‌లా నడిచే ప్రోగ్రాము. డాస్‌బాక్స్ పాత డాస్ ఆటల కోసం చేసినది, ఆటలకి చాలు. ఈ పనికి 86బాక్స్ తీసుకో. అది ఫలానా మదర్‌బోర్డుని, దాన్ని లేపే బయోస్ ప్రోగ్రాముతో సహా అనుకరిస్తుంది, కాబట్టి నీ డిస్కు నకలు చాలావరకు తన సొంత ఇంట్లో ఉన్నట్టే లేస్తుంది. బీబీసీకి బీబెమ్ అనే ఎమ్యులేటర్ ఉంది. బీబీసీ బాగయ్యేదాకా బీబెమ్‌లో బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకో. మెషీన్ ఆరోగ్యంగా ఉంటే ఎలా ప్రవర్తిస్తుందో తెలియకుండా దాని రోగం కనిపెట్టలేవు. అలాగని ఎమ్యులేటర్ ఉంది కదా, మెషీన్ ఎందుకని తుక్కుకి వేయకు. కొన్ని భారతీయ భాషల సాఫ్ట్‌వేర్లు ప్రింటర్ పోర్టుకి తగిలించే లాక్ ఉంటేనే తెరుచుకునేవి. నీ 486 వెనక అలాంటి చిన్న డబ్బా ఉంటే పారేయకు, అది లేకపోతే సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. ఎక్కడైనా పాత ఆఫీసు మెషీన్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ వాళ్ళ జిస్ట్ కార్డు కనబడినా అంతే, వదలకు. అన్ని భాషల అక్షరాలకీ ఒకే పద్ధతైన యూనికోడ్ మన దాకా రాకముందు డాస్ తెర మీద భారతీయ లిపులు చూపించిన కార్డు అది.

కొనడం గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. ఆన్‌లైన్‌లో విదేశీ ధరలు చూసి ఇక్కడ డబ్బు పెట్టకు. ఆటోనగర్, కంచరపాలెం వైపు తుక్కు కొట్లవాళ్ళతో పరిచయం పెంచుకో. వాళ్ళు రాగి కోసం, చిప్పుల మీద బంగారం కోసం పగలగొడతారు. తుక్కు రేటు కంటే కాస్త ఎక్కువిచ్చి, పగలగొట్టే ముందు ఫోన్ చేయమని చెప్పు. పద్ధతిగా ఉంటే వాళ్ళే పిలుస్తారు. బడులు, మూతబడిన ప్రెస్సులు, టైప్ ఇన్‌స్టిట్యూట్లు కూడా అడుగు.

ఆదివారం పొద్దున్న రా. ఎస్‌ఎంపీఎస్, 486 బోర్డు రెండూ పాత నూలు దుప్పట్లో చుట్టి తీసుకురా, ప్లాస్టిక్ కవర్లో పెట్టకు, స్టాటిక్‌తో ఇబ్బంది. ఫ్లాపీల డబ్బా మీదున్న కాగితం లేబుళ్ళు పీకకుండా ఫోటో తీసి ముందే పంపు. సిరీస్ బల్బు, మీటర్, సోల్డరింగ్ ఐరన్ నా దగ్గరున్నాయి. దారిలో వెనిగర్ సీసా ఒకటి కొనుక్కురా. అత్తయ్య నిన్ను భోజనానికి ఉండమంది, మీ అమ్మకి కూడా ఆ మాట చెప్పు.

మీ మావయ్య