గాలం తరవాత కొందువుగాని, ముందు బూట్లు చూడు

బుజ్జీ,

మామయ్య ఆశీస్సులు. నీ ఉద్యోగం డెన్వర్‌కి మారిందని, ఆఫీసు వాళ్లతో కలిసి ఫ్లై ఫిషింగ్, అదే పురుగులా కనిపించే తేలికపాటి గాలంతో చేపలు పట్టడం, మొదలుపెడుతున్నావని విని చాలా సంతోషించాను. మీ అమ్మ మాత్రం ఫోన్‌లో "నదిలో నిలబడి చేపలు పట్టడమేంటి, పట్టినదాన్ని మళ్లీ వదిలేయడమేంటి" అని ఒకటే టెన్షన్. వదిలేయడం సంగతి నేను నచ్చజెప్తాను. నిలబడటం సంగతి నువ్వు చూసుకోవాలి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నువ్వు పంపిన కొనుగోళ్ల లిస్టు చూశాను. రాడ్డు ఏ కంపెనీదో, రీలు ఏ మోడలో, దారం ఎంత బరువుదో అన్నీ రాసుకున్నావు. బూట్ల దగ్గరికి వచ్చేసరికి "ఏదో ఒక జత, చవగ్గా" అని వదిలేశావు. ఆ వరస తిరగెయ్యి. మొదటి ఏడాది రాడ్డు ఎవరినైనా అడిగి తెచ్చుకోవచ్చు, షాపుల్లో అద్దెకీ ఇస్తారు. బూట్లు అలా కుదరవు. అవి నీ పాదానికీ సరిపోవాలి, నువ్వు దిగే నదికీ సరిపోవాలి. వంద డాలర్ల నుంచి మూడు వందల దాకా దొరుకుతాయి. రాడ్డులో కొంత తగ్గించుకుని అయినా సరే, ఇక్కడ మంచివి కొనుక్కో.

ముందు నది గురించి ఆలోచించు. నీళ్లలో దిగడమంటే మనకి గోదావరే గుర్తొస్తుంది. రాజమండ్రి దగ్గర కాలు పెడితే ఇసుక, ఒండ్రు తగులుతాయి. అక్కడ భయపడాల్సింది గుంటలకీ సుడులకీ. నువ్వు వెళ్లబోయే సౌత్ ప్లాట్ నది అలా కాదు. డెక్కర్స్ అనే ఊరి చుట్టుపక్కల అడుగంతా గుండ్రాళ్లు, గులకరాళ్లు. ఎగువన చీజ్‌మన్ కేన్యన్ అనే ఇరుకు లోయలోకి వెళ్తే పెద్దపెద్ద గ్రానైట్ బండలు. నీళ్లు తేటగా ఉంటాయి కాబట్టి అడుగు స్పష్టంగా కనిపిస్తుంది, లోతు మాత్రం ఉన్నదానికంటే తక్కువ అనిపిస్తుంది. రాళ్ల మీద పల్చటి పాచి పొర ఉంటుంది, అది కంటికి ఆనదు. కాలు వేశాకే తెలుస్తుంది.

పైగా కేన్యన్‌లో చేపల దగ్గరికి చేరాలంటే గిల్ ట్రెయిల్ అనే కాలిబాట మీద చాలా దూరం నడవాలి. గ్రానైట్ అరిగి రాలిన గులాబీ రంగు పలుకులు ఆ దారంతా పరుచుకుని ఉంటాయి. దిగుడులో వాటి మీద అడుగు వేస్తే, గచ్చు మీద ఆవాలు పారబోసి నడిచినట్టే. కాబట్టి నీకు కావలసింది నీళ్లలో మాత్రమే పనికొచ్చే బూటు కాదు. కొండదారిలో చీలమండని గట్టిగా పట్టుకునేది, నీళ్లలో దిగాక రాయిని పట్టుకునేది కావాలి.

ఇక సోల్. బూటులో అసలు ఎంచుకోవాల్సింది ఇదే. షాపులో ముందు రంగు చూపిస్తారు, లేసులు చూపిస్తారు. నువ్వు మాత్రం తిరగేసి కింద చూడు.

పాతకాలం నుంచీ ఉన్నది ఫెల్ట్ సోల్. ఒత్తుగా నొక్కిన ఉన్ని లాంటి మెత్త అన్నమాట. పాచి పట్టిన రాయి మీద దాని పట్టు చాలా బాగుంటుంది, దాన్ని కాదనడానికి లేదు. కానీ బురద దారిలో, తడి గడ్డి మీద జారిపోతుంది. ట్రెయిల్ మీద నడిస్తే త్వరగా అరిగిపోతుంది. చలికాలంలో మంచు మీద నడిస్తే అడుగున గడ్డలు గడ్డలుగా అంటుకుంటుంది, ఎత్తు మడమల చెప్పులేసుకుని నడుస్తున్నంత పని అవుతుంది. కొలరాడోలో చలికాలం కూడా చేపలు పడతారు కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

అంతకన్నా పెద్ద విషయం, ఫెల్ట్ రోజుల తరబడి ఆరదు. దాని పోగుల్లో బురద ఉండిపోతుంది, ఆ బురదలో ప్రాణులు బతికే ఉంటాయి. ఈ నదిలో అంటుకున్నది వచ్చేవారం ఇంకో నదిలో వదులుతాం. 1990ల్లో వర్లింగ్ డిసీజ్ అనే రోగం కొలరాడో నదుల్లో రెయిన్‌బో ట్రౌట్ పిల్లల్ని తుడిచిపెట్టేసింది. దాని బీజాలు ఉండేది బురదలోనే. న్యూజీలాండ్ మడ్ స్నెయిల్ అనే బుల్లి నత్త ఉంది, సుమారు అర సెంటీమీటరు ఉంటుంది. ఒక్క ఆడ నత్త చేరినా చాలు, మగది లేకుండానే సంతానం పెంచేస్తుంది. 2004లో బౌల్డర్ క్రీక్‌లో బయటపడింది. ఇవన్నీ ఫెల్ట్ వల్లే వచ్చాయని నేననను, కానీ ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోసుకెళ్లే వాటిల్లో అదొకటి. అందుకే న్యూజీలాండ్ 2008లో ఫెల్ట్ నిషేధించింది, అమెరికాలో మేరీలాండ్ 2011లో అదే పని చేసింది. ఎల్లోస్టోన్ పార్కులో 2018 నుంచి ఫెల్ట్ బూట్లతో నీళ్లలో దిగనివ్వరు. కొలరాడోలో నిషేధం లేదు. కానీ ఇక్కడ చేపలు పట్టేవాళ్లు ఎవరైనా ఎప్పుడో ఒకప్పుడు ఎల్లోస్టోన్ వెళ్లకుండా ఉండరు. అక్కడికి వెళ్లాక మరో జత కొనడం దేనికి?

అందుకని నా మాట విని రబ్బరు సోల్ తీసుకో. సిమ్స్ వాళ్లవి వైబ్రామ్ రబ్బరుతో వస్తాయి, ఆర్విస్ వాళ్ల ప్రో మోడల్ మిషెలిన్ రబ్బరుతో వస్తుంది. రెండూ మంచివే. అయితే ఉత్త రబ్బరు పాచి రాయి మీద ఆగదు, ఇది గుర్తు పెట్టుకో. దానికి మేకులు బిగించాలి. టంగ్‌స్టన్ కార్బైడ్ మొన ఉన్న స్టడ్లు సోల్‌లోకి స్క్రూలాగా బిగిస్తారు, చాలాకాలం అరగవు. అల్యూమినియం బిళ్లలు ఇంకో రకం. అల్యూమినియం మెత్తటి లోహం కాబట్టి రాయి దాన్ని గీరుతుంది, ఆ గీరుకోవడం వల్లే పట్టు దొరుకుతుంది, కానీ త్వరగా అరుగుతుంది. గ్రానైట్ బండల మీద నాకు అల్యూమినియమే నచ్చుతుంది. పాటగోనియా వాళ్ల ఫుట్ ట్రాక్టర్‌కి ఏకంగా అల్యూమినియం కడ్డీలే ఉంటాయి. నదిలో అద్భుతంగా నిలబెడుతుంది, కానీ దూరం నడిస్తే ఆ గట్టిదనం మోకాళ్లకి తెలుస్తుంది. నీకు మొదటి జతగా అది వద్దు. రబ్బరు సోల్ కొని, మడమ అంచున కొన్ని, బొటనవేలి కింద కొన్ని స్టడ్లు బిగించుకుంటే చాలు.

ఒక జాగ్రత్త. ఎవరైనా పడవలో తీసుకెళ్తామంటే స్టడ్లు ఉన్న బూట్లతో ఎక్కకు. రబ్బరు రాఫ్ట్ అయితే చిల్లు పడుతుంది, గట్టి పడవ అయితే నేలంతా గీతలు పడతాయి, నువ్వూ జారతావు. ముందే అడుగు. కార్కర్స్ వాళ్లవి సోల్ ఊడదీసి మార్చుకునే బూట్లు ఉన్నాయి, ఇలాంటప్పుడు బాగా పనికొస్తాయి. మార్చిన ప్రతిసారీ అంచులన్నీ పూర్తిగా లోపలికి కూర్చున్నాయా లేదా అని వేలితో తడిమి చూసుకునే ఓపిక ఉంటేనే అవి తీసుకో.

ఇక సైజు. చాలామంది ఇబ్బంది పడేది ఇక్కడే. నువ్వు మామూలు చెప్పుల సైజు చెప్పి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టకు. వేడర్లంటే నీళ్లు లోపలికి రాకుండా వేసుకునే పొడుగు ప్యాంటు లాంటివి. వాటి కింద నియోప్రీన్ అనే మెత్తటి రబ్బరుతో చేసిన మందపాటి మేజోడు అతికి ఉంటుంది. దాని లోపల నువ్వు ఉన్ని మేజోళ్లు వేసుకుంటావు. ఈ రెండూ కలిసి బూటులో పట్టాలి. కొన్ని కంపెనీలు ఆ మందాన్ని ముందే లెక్కలో వేసుకుని సైజు వేస్తాయి, కొన్నింటిలో మనమే ఒక సైజు పెద్దది తీసుకోవాలి. పైగా చాలా మోడళ్లకి హాఫ్ సైజులు ఉండవు. నీది ఏడున్నర అనుకో, ఎనిమిది నుంచి మొదలుపెట్టి వేసి చూడు. ఆడవాళ్లకి విడిగా చేసినవి ఉన్నాయి, ముందు అవే అడుగు. మడమ దగ్గర సన్నగా ఉంటాయి. దొరకక మగవాళ్లవి చూడాల్సి వస్తే, నీ సైజులోంచి ఒకటిన్నర, రెండు తీసేసి లెక్క వేసుకో.

షాపుకి సాయంత్రం పూట వెళ్లు. రోజంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బుతుంది, నదిలో ఉండేది కూడా అలాంటి పాదమే. వేడర్లు, ఉన్ని మేజోళ్లు వెంట తీసుకెళ్లు. మొహమాటపడకు, అక్కడే అన్నీ వేసుకో. నియోప్రీన్‌ని వేళ్ల దగ్గర్నుంచి వెనక్కి లాగి ముడతల్లేకుండా సర్దుకుని అప్పుడు కాలు దూర్చు. ఒక్క ముడత ఉన్నా గంట నడిచేసరికి అక్కడ బొబ్బ లేస్తుంది. లేసులు బిగించి నిలబడి వేళ్లు కదిపి చూడు. అన్నీ ఆడాలి. అక్కడివి ఎగువనున్న చీజ్‌మన్ డ్యామ్ అడుగు నుంచి వదిలే నీళ్లు కాబట్టి ఎండాకాలంలో కూడా కాళ్లు కొంకర్లు పోయేంత చల్లగా ఉంటాయి. బూటు బిగుతైతే రక్తం ఆడదు, ఇంకో జత మేజోళ్లు వేసుకుంటే ఇంకా బిగుసుకుని ఇంకా చల్లబడతాయి. తరవాత షాపులో మెట్లుంటే దిగి చూడు. దిగేటప్పుడు వేళ్లు ముందు గోడకి కొట్టుకోకూడదు, ఎక్కేటప్పుడు మడమ లేవకూడదు. ఈ రెండూ కుదిరితేనే డబ్బు కట్టు.

ఎండాకాలంలో వేడర్లు లేకుండా ఉత్త ప్యాంటుతో దిగేవాళ్లుంటారు. నువ్వూ దిగుతావు. అప్పుడు ఇదే బూటు వదులవుతుంది. దానికోసం విడిగా నియోప్రీన్ మేజోళ్లు అమ్ముతారు, ఒక జత కొనిపెట్టుకో.

బూటు పైభాగానికి అసలు తోలు కన్నా సింథటిక్ తోలే మంచిది. తోలు నీళ్లు తాగి బరువెక్కుతుంది, ఆరాక బిర్రబిగుస్తుంది, కొన్నాళ్లకి పగుళ్లిస్తుంది. కొనేముందు మూడు చోట్ల చెయ్యి పెట్టి చూడు. బొటనవేలి దగ్గర రబ్బరు తొడుగు ఉందా? రాళ్ల సందుల్లో ముందు దెబ్బ తినేది అదే. పక్కన, అడుగుకి కాస్త పైన, నీళ్లు కారిపోయే కన్నాలు ఉన్నాయా? లేకపోతే గట్టెక్కాక నీళ్లు మోసుకుంటూ నడవాలి. సోల్ పైభాగానికి కలిసే చోట కుట్టు ఉందా, ఉత్త జిగురేనా? జిగురైతే వేలితో అంచు లాగి చూడు. కుట్లు బయటికి కనిపించే చోట ఇసుక రాపిడికి తెగుతాయి, వాటిని కప్పే రబ్బరు ఉంటే ఇంకా మంచిది.

లేసుల గురించి పెద్దగా ఆలోచించకు. మర చక్రం తిప్పితే తీగ బిగుసుకునే బోవా పద్ధతి ఉంది, ఆ కంపెనీది మన డెన్వరే. చలికి వేళ్లు పని చెయ్యనప్పుడు హాయి. ఇసుక చేరితే చక్రం మొరాయిస్తుంది. మామూలు లేసైతే తెగినా నది ఒడ్డునే మార్చుకోవచ్చు. దారికి దూరంగా వెళ్లేవాళ్లకి లేసులే మేలు, అదనంగా ఒక జత బ్యాగులో పడేసుకుంటే సరి.

వేడర్ల కాళ్ల చివర ఒక గుడ్డ పట్టీ ఉంటుంది, దానికి చిన్న కొక్కెం ఉంటుంది చూడు. దాన్ని బూటు మీదకి లాగి, కింద లేసుకి తగిలించాలి. తొందరలో చాలామంది వదిలేస్తారు. అప్పుడు సన్నటి రాళ్లు బూటులోకి దూరి, ప్రతి అడుగుకీ నియోప్రీన్‌ని నూరుతుంటాయి. ఆరు నెలలు తిరక్కుండానే వేడర్లు మడమ దగ్గర కారతాయి. కాబట్టి కొనే బూటుకి కింది భాగంలో కొక్కెం తగిలించే చోటు ఉందో లేదో కూడా చూసుకో.

ఇంటికొచ్చాక తడి బూట్లని కారు డిక్కీలో వదిలెయ్యకు. జూలై ఎండలో డిక్కీ వేడికి జిగురు కరిగి సోల్ విడిపోతుంది. బాగున్న బూట్లు పాడయ్యేది నదిలో కాదు, అక్కడే. బురదంతా బ్రష్‌తో రుద్ది కడుగు, లోపలి అట్ట తీసి విడిగా ఆరబెట్టు, నీడలో గాలి తగిలే చోట పెట్టు. హీటర్ ముందు వద్దు. వేరే నదికి వెళ్లే ముందు పూర్తిగా ఆరాయో లేదో చూసుకో. నత్త ఉన్న నీళ్లలో దిగితే, ప్లాస్టిక్ సంచిలో కట్టి రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టు, చలికి చచ్చిపోతాయి. మీ రూమ్మేట్‌కి ముందే చెప్పు, లేకపోతే కంగారు పడుతుంది.

ఎంత మంచి బూటైనా దాన్ని నమ్ముకుని లోతుకి వెళ్లకూడదు. మన పిల్లలు ఈ దేశంలో నీళ్లలో పోయిన వార్త విన్నప్పుడల్లా నాకు నిద్ర పట్టదు. లోతుని అడుగుల్లో, వేగాన్ని సెకనుకి అడుగుల్లో తీసుకుని గుణిస్తే 10 దాటిన చోట దిగకూడదని, నదులు కొలిచే ఇక్కడి ప్రభుత్వ సంస్థ యూఎస్‌జీఎస్ సిబ్బంది పెట్టుకున్న లెక్క. నువ్వు సన్నటిదానివి, అందులో సగం దగ్గరే ఆగు. వేడర్ల మీద బెల్టు బిగుతుగా పెట్టుకో. చేతిలో కర్ర ఉంచుకో. ప్రవాహానికి ఎదురుగా తిరిగి పక్కకి జరుగుతూ దాటు, ఒక కాలు కుదురుకున్నాకే రెండోది ఎత్తు. పడితే లేవాలని కంగారుపడకు. వెల్లకిలా తిరిగి, కాళ్లు దిగువకి పెట్టి పైకి తేలిస్తే నీళ్లే నిన్ను లోతు తక్కువ చోటికి తెస్తాయి. రాళ్ల మధ్య కాలు ఇరుక్కోవడమే అన్నిటికన్నా ప్రమాదం.

ఈ శనివారం నేను ఖాళీ. నీ వేడర్లు తెచ్చుకుంటే సాయంత్రం ఇద్దరం షాపుకి వెళ్లి రెండు మూడు జతలు వేయించి చూస్తాను. ఆదివారం పొద్దున్నే డెక్కర్స్ వంతెన దగ్గర మోకాలి లోతులో నడిపిస్తాను. రాడ్డు ఆ రోజుకి తేవద్దు.

మీ మామయ్య