ప్లాన్ ఫైలు ఎక్కడ ఆగింది?

ప్రశ్న: తిరుపతిలో 50 అంకణాల స్థలంలో ఇల్లు కట్టుకుందామని ప్లాన్‌కు పెట్టి నాలుగు నెలలైంది. ఆఫీసులో అడిగితే ‘షార్ట్‌ఫాల్ ఉంది, మీ ఇంజినీరునడగండి’ అంటారు. ఇంజినీరేమో ‘వాళ్ల దగ్గరే పెండింగ్’ అంటాడు. ఎవరి మాట నమ్మాలి?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఇద్దరి మాటా పక్కనపెట్టి, ఫైలు నంబరుతో ఆన్‌లైన్‌లో స్టేటస్ చూడండి. లోపాలు చూపే షార్ట్‌ఫాల్ లెటరు ప్లాన్ పెట్టిన ఎల్‌టీపీ (లైసెన్సున్న సాంకేతిక నిపుణుడు, అంటే మీ ఇంజినీరు) లాగిన్‌లో పడుతుంది. ఆయన జవాబు అప్‌లోడ్ చేసేదాకా ఫైలు కదలదు. ఆ లెటరు కాపీ అడిగి తీసుకోండి. లోపాలన్నీ ఒకేసారి చెప్పకుండా వాయిదాల్లో అడగడం మాత్రం ఆఫీసు తప్పే. మిగతావేమైనా ఉంటే రాతపూర్వకంగా అడగండి.

తిరుపతిలో తరచూ తగిలే చిక్కు కొలతలది. నెల్లూరులో అంకణం 72 చదరపు అడుగులు, మీ ఊళ్లో 36. మీ 50 అంకణాలు 1,800 చదరపు అడుగులు, అంటే 200 గజాలు, సుమారు 167.2 చదరపు మీటర్లు. పత్రంలో 30×60 అని ఉండి, టేపు పెడితే 29½ అడుగులే వస్తే అర్ధ అడుగు తేడాకే ఫైలు వెనక్కొస్తుంది. తక్కువున్న కొలతకే ప్లాన్ గీయించడం క్షేమం.

రెండోది రోడ్డు. మాస్టర్ ప్లాన్‌లో 40 అడుగులుండి నేల మీద 30 ఉంటే, రోడ్డు మధ్య నుంచి మీ వైపు 20 అడుగులు కొలుస్తారు. ముందు 5 అడుగులు పోతాయి. 30 అడుగుల ముఖానికి అది 150 చదరపు అడుగులు, నాలుగు అంకణాల పైమాటే. ఆ జాగా గిఫ్ట్ డీడ్ కింద రాసివ్వాలి, సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) కొత్త గీత నుంచే లెక్కించాలి. ఇప్పుడున్న ప్రహరీ నుంచి గీస్తే మెట్లు, సంపు అన్నీ మళ్లీ మార్చుకోవాల్సిందే.

ప్రశ్న: చిత్తూరు దగ్గర అప్రూవల్ లేని లేఅవుట్‌లో ప్లాటు. రిజిస్ట్రేషన్ అయింది కదా, ప్లాన్ ఎందుకివ్వరు?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: రిజిస్ట్రేషన్‌తో స్థలం మీ పేరుకు మారుతుందంతే, లేఅవుట్ సక్రమం కాదు. ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం) ఫీజు కట్టనివారు లేఅవుట్‌లో వదలాల్సిన ఖాళీ జాగా వాటా కింద స్థలం విలువలో కొంత శాతం కట్టాల్సి రావచ్చు. అంతకంటే ముందు మీ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూసుకోండి. డీకేటీ (ప్రభుత్వం పేదలకు పట్టాగా ఇచ్చినవి), దేవాలయ, మఠం భూములు ఎక్కువగా ఉన్న ప్రాంతం కాబట్టి, నంబరులో కొంత భాగానికే చిక్కున్నా మొత్తం ఆగొచ్చు. అప్పుడు సర్వేయరుతో సబ్‌డివిజన్ చేయించి కలెక్టరుకు దరఖాస్తు పెట్టుకోవాలి.

ప్రశ్న: ముహూర్తం దాటిపోతోంది. అనుమతి రాకముందే పని మొదలుపెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, రేణిగుంట

జవాబు: భూమిపూజ చేసుకోండి, పిల్లర్ గుంతలు మాత్రం తీయించకండి. తనిఖీ ఫొటోల్లో గుంతలు కనిపిస్తే అనుమతి లేని కట్టడం కింద రాస్తారు. సిమెంటు కూడా దింపించుకోవద్దు. మూడు నెలలు నిల్వ ఉంటే దాని సత్తువ తగ్గుతుంది, ఫైలు అంతకన్నా ఎక్కువే పట్టొచ్చు.