కావేరి ఒడ్డున విన్నది ఎలా రాయాలి: యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

తిరువయ్యారు త్యాగరాజ ఆరాధన మీద నువ్వు రాసిన జ్ఞాపకాలు రెండుసార్లు చదివాను. భక్తి ఉంది, ప్రేమ ఉంది. చెవి మాత్రం కనపడలేదు. "గానం మిన్నంటింది", "కావేరి పరవళ్లు తొక్కింది" అన్న మాటలు అక్కడికి వెళ్లనివాళ్లు కూడా రాయగలరు.

ముందు తేదీ సరిచెయ్యి. త్యాగయ్య సిద్ధి పొందింది 1847 జనవరి 6న, అది నిజమే. ఆరాధన జరిపేది మాత్రం తిథిని బట్టి, పుష్య బహుళ పంచమినాడు. నువ్వు వెళ్లిన ఏటి పంచాంగం తీసి చూడు. తేదీ తేలితే నది సంగతీ సగం తేలుతుంది. కావేరి మీది మెట్టూరు ఆనకట్ట నుంచి సాగునీరు వదలడం ఆనవాయితీగా జూన్ 12న మొదలై జనవరి 28న ఆగుతుంది. ఆరాధన ఆ గడువుకు ముందూ పడొచ్చు, తరవాతా పడొచ్చు. అంచేత ఆ రోజుల్లో కావేరి నిండుగానూ ఉండొచ్చు, ఇసుక బయటపడీ ఉండొచ్చు. ఫొటో ఉంటే రేవులో ఎన్ని మెట్లు బయటికి కనిపిస్తున్నాయో లెక్కపెట్టు. మోకాలిలోతు నీళ్లే ఉంటే మోకాలిలోతనే రాయి.

ఆరాధనలో అందరూ కలిసి పాడే త్యాగయ్య ఐదు కీర్తనలు, పంచరత్నాల, రాగాల వరుస నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. నీ వ్యాసంలో వరాళి జారిపోయింది. ఐదూ తెలుగు కీర్తనలే అనడం కూడా తప్పు, నాటలోది సంస్కృతం. వీటికంటే పెద్ద పొరపాటు ఇంకొకటుంది. ఆరభి కీర్తనలో ప్రతి చరణం తరవాత దాని పల్లవి "సాధించెనే" మార్మోగిందన్నావు. చరణం అయ్యాక అందుకునేది "సమయానికి తగు మాటలాడెనే" అని. ఆ గోష్ఠిలో పాడినవాళ్లు ఆ వాక్యం దగ్గరే నీ వ్యాసం పక్కన పెట్టేస్తారు.

ఇక అసలు విషయం. నువ్వు ఎక్కడ కూర్చున్నావు? అది చెప్పకుండా అంతమంది పాటను వర్ణించలేవు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు నడుస్తుంది. ముందు వరుసకు 34 మీటర్ల వెనక ఉన్నవాడికి పాట సెకనులో పదో వంతు ఆలస్యంగా చేరుతుంది. విని అందుకునేవాడు అంత వెనకబడతాడు, ముందున్న చేతులు చూసి అందుకునేవాడు కలుస్తాడు. ఐదు కీర్తనలూ ఆది తాళమే కదా: ఒక దెబ్బ, మూడు వేళ్లు, ఆపైన దెబ్బ, విసురు, మళ్లీ దెబ్బ, విసురు. మొత్తం ఎనిమిది. నీ చుట్టూ ఉన్నవాళ్ల చేతులు ఎక్కడ కలిశాయో, ఎక్కడ తప్పాయో గుర్తు తెచ్చుకో. ఆ తడబాటును దాచకు. మైకుల్లో విన్నావా, గొంతుల్లో విన్నావా అన్నదీ చెప్పాలి, రెండూ ఒకటి కావు.

పక్కనున్నావిడ తమిళ అక్షరాల్లో రాసుకున్న పుస్తకం చూసి పాడారని ఒక్క ముక్కలో దాటేశావే, నీ వ్యాసానికి ప్రాణం అక్కడే ఉంది. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ లకు ఒకటే అక్షరం. అందుకే అచ్చు పుస్తకాల్లో ఆ అక్షరం మీద ఖ అయితే 2, గ అయితే 3, ఘ అయితే 4 అని చిన్న అంకెలు వేస్తారు, త, ట వర్గాలకూ అంతే. గౌళ కీర్తన మొదటి మాట "దుడుకు గల" అని రాస్తే ద, డ, గ మూడింటి మీదా 3 ఉంటుంది, "కు" మీద ఏమీ ఉండదు. మన మాటను సరిగ్గా పలకాలని మరో భాషవాళ్లు ఒక్కో అక్షరానికి అంత శ్రమపడుతున్నారు. ఆవిడ వేలు ఆ అంకెల మీద ఎలా కదిలిందో నువ్వు చూసే ఉంటావు. దానికి ఒక పేరా మొత్తం ఇవ్వు. ఉచ్చారణను వెక్కిరించే వాక్యం తీసెయ్యి.

ఆడా మగా కలిసి పాడటం గురించి కూడా ఆగి రాయి. ఒకే శ్రుతి కనక మంద్రంలో, అంటే కింది స్థాయిలో, ఆడ గొంతులు, తారంలో, అంటే పై స్థాయిలో, మగ గొంతులు పలచబడతాయి. అది చెవికి తెలిసే విషయం. ఒకప్పుడు ఆ ఉత్సవంలో స్త్రీలను పాడనిచ్చేవారు కారు. గాయని బెంగళూరు నాగరత్నమ్మ తన సొమ్ముతో త్యాగయ్య సమాధి మందిరం కట్టించి, స్త్రీలు పాడే హక్కు కోసం పోరాడింది. 1952లో ఆవిడ పోయాక ఆవిడ సమాధి కూడా అక్కడే కట్టారు, ఆవిడ విగ్రహం త్యాగయ్య సన్నిధి వైపే చూస్తుంటుంది. ఈ నాలుగు మాటలు గొంతుల వర్ణన పక్కనే ఉండాలి. వేరే పేరాలో చరిత్ర పాఠంలా పెడితే అతకదు.

తిరగరాసేటప్పుడు విశేషణాలు కొట్టేసి చూడు, మిగిలినదాన్ని గట్టిగా చదువు. వరాళి దొరికాక మళ్లీ పంపు.