పాత రిజిస్టర్ల పని కావాలంటున్న అమ్మాయికి ఉద్యోగం దొరుకుతుందా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. బజారులో చిన్న కిరాణా కొట్టు ఉంది, అదే ఆధారం. మా పెద్దమ్మాయి బీఏ హిస్టరీ చివరి ఏడాదిలో ఉంది. ఏడో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివింది, ఒడియా ఒక సబ్జెక్టుగా ఉండేది. మొన్న సెలవుల్లో ఒక మునిసిపల్ ఆఫీసులో ఇంటర్న్‌షిప్ చేసింది. రికార్డు రూములో కట్టలు విప్పి జాబితా రాయమన్నారట. అప్పటి నుంచి ఒకటే పట్టు, "నేను రికార్డుల పనే చేస్తాను నాన్నా" అని. బరంపురంలో బ్యాంకు కోచింగ్‌కి పంపిద్దామంటే ఒప్పుకోవడం లేదు. చెదలు తిన్న కాగితాల మధ్య జీవితం ఏముంటుందని మా ఆవిడ టెన్షన్. నిజంగా ఇందులో ఉద్యోగాలున్నాయా? ఏం చదివించాలి?

జవాబు: నమస్కారమండీ. ముందు మీకు కావలసిన మాట చెప్పేస్తాను. ఉద్యోగాలున్నాయి. కానీ మునిసిపాలిటీలోనో, పక్కనున్న కాశీనగర్ ఎన్‌ఏసీ (నోటిఫైడ్ ఏరియా కౌన్సిల్, చిన్న పట్టణాల పాలక సంస్థ)లోనో "రికార్డుల ఆఫీసరు" అనే పోస్టు కోసం ఎదురుచూస్తే నిరాశే మిగులుతుంది. చిన్న ఆఫీసుల్లో ఆ పని జూనియర్ అసిస్టెంటు చేస్తారు, పంచాయతీలో అయితే పీఈఓ, అంటే పంచాయతీ ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు చేస్తారు. అదీ మిగతా పది పనులతో కలిపి. కాబట్టి మీ అమ్మాయి ముందు ఆ ఉద్యోగంలోకి వెళ్లి, రికార్డుల విద్యను తన ప్రత్యేకతగా పెంచుకోవాలి. లేదా పీజీ, ఆపైన ఆర్కైవ్స్ డిప్లొమా చేసి పెద్ద సంస్థలకు వెళ్లాలి. రెండు దారుల గురించీ చెబుతాను. అంతకంటే ముందు, ఆ కాగితాల్లో ఏముందో మీ ఆవిడగారికి తెలియాలి.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడే దాకా మీ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో, గంజాం జిల్లాలో ఉండేది. కోరాపుట్, రాయగడ వైపు విశాఖపట్నం జిల్లా. పర్లాకిమిడి జమీందారీ అయితే రెండు ముక్కలైంది, ఊరు ఇటు ఒడిశాలోకి వచ్చింది, కొన్ని గ్రామాలు అటు మద్రాసులోనే ఉండిపోయాయి. అందువల్ల ఒకే కుటుంబం కాగితాలు కొన్ని ఇక్కడి తహసీలు ఆఫీసులో, కొన్ని ఆంధ్రలోని పాతపట్నం వైపు, ఇంకొన్ని చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉండొచ్చు. పాతవి తెలుగులో, ఇంగ్లీషులో ఉంటాయి. తర్వాతివి ఒడియాలో ఉంటాయి. ఒక్క భాషే వచ్చిన గుమాస్తా సగం కట్ట చదవగలడు, మిగతా సగం పక్కన పెట్టేస్తాడు. పక్కన పెట్టింది కొన్నాళ్లకు నేల మీదికి, అక్కడి నుంచి చెదలకు వెళ్తుంది.

ఆ పక్కన పెట్టిన కట్టలో ఏముంటుందో చెప్తాను. మీ చుట్టుపక్కల ఎస్సీ, ఎస్టీ కుల ధ్రువీకరణ కోసం తిరిగిన తెలుగు కుటుంబాలను అడగండి. ఏయే కులాలు, తెగలు ఈ జాబితాల్లోకి వస్తాయో చెప్పే రాష్ట్రపతి ఉత్తర్వులు ఎస్సీలకు 1950 ఆగస్టు 10న, ఎస్టీలకు 1950 సెప్టెంబర్ 6న వచ్చాయి. ఆనాటికి తాతలు ఈ రాష్ట్రంలోనే స్థిరంగా ఉన్నారని చూపించాలి. దేంతో చూపిస్తారు? పాత ఇంటి పన్ను రిజిస్టరులో ఒక వరుస. బడి అడ్మిషన్ రిజిస్టరులో తాత పేరు. పట్టా నకలు. ఆ ఒక్క పేజీ దొరక్కపోతే పిల్ల సీటు పోతుంది. పేజీ లేక కాదు, ఏ కట్టలో ఉందో చెప్పే మనిషి లేక.

అటవీ హక్కుల సంగతి ఇంకా కఠినం. 2006 చట్టం ప్రకారం గిరిజనేతరులు అడవి భూమి మీద హక్కు అడగాలంటే 2005 డిసెంబర్ 13కి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడే ఉండి ఆ భూమి మీద బతికినట్టు చూపాలి. లెక్క వేస్తే 1930 దాకా వెళ్లాలి. ఒడిశా పుట్టక ముందు సంగతి అది. మద్రాసు కాలం నాటి రికార్డు చదవగలిగిన మనిషి ఒక్కరు ఆ బ్లాకులో ఉంటే ఎన్ని దరఖాస్తులు నిలబడతాయో ఊహించండి.

చదవడం అంటే మామూలు చదవడం కాదండీ. కరణాలు రాసిన పాత తెలుగు గొలుసుకట్టు రాతలో ఉంటుంది, అక్షరం అక్షరాన్ని పట్టుకుని లాగుతూ పోతుంది. ఒడియాలోనూ అలాంటిదే కరణి లిపి ఉంది. ఇవాళ అచ్చు పుస్తకం గడగడా చదివే పిల్లలు కూడా దాని ముందు ఆగిపోతారు. మహారాష్ట్రలో జరిగింది చూడండి. మరాఠ్వాడాలో మరాఠాలకు కుణబీ (ఓబీసీ జాబితాలోని కులం) ధ్రువీకరణ కోసం నిజాం కాలపు కాగితాలు వెతకాలని 2023లో జస్టిస్ సందీప్ శిందే కమిటీ వేశారు. మరాఠీని రాసిన పాత మోడీ లిపి చదివేవాళ్ల కోసం అప్పుడు జిల్లా జిల్లాకూ వెతుకులాట మొదలైంది. అదే రాష్ట్రంలోని సిరోంచ వైపు తెలుగువాళ్లకూ నేను ఇదే చెబుతుంటాను, ఇంట్లో పెద్దవాళ్లకు పాత రాత వస్తే పిల్లలకు నేర్పించండని. మీ ఇంట్లో, మీ వీధిలో ఒకప్పుడు కరణీకం చేసిన కుటుంబం ఉంటే మీ అమ్మాయిని వాళ్ల దగ్గర కూర్చోబెట్టండి. ఏ కాలేజీలోనూ దొరకని చదువు అది.

ఇక ఉద్యోగం సంగతి.

మొదటి దారి ఓఎస్ఎస్ఎస్‌సీ, అంటే ఒడిశా సబార్డినేట్ స్టాఫ్ సెలక్షన్ కమిషన్. పీఈఓ, జూనియర్ అసిస్టెంటు పోస్టులను ఈ కమిషనే నింపుతుంది. డిగ్రీ, కంప్యూటర్ పరిజ్ఞానం అడుగుతారు. ఇక్కడ మన తెలుగు పిల్లలు చాలామంది దెబ్బతినేది ఒక్క చోట. ఒడియా చదవడం, రాయడం, మాట్లాడటం రావాలి, దానికి కాగితం మీద రుజువు కూడా ఉండాలి. ఎంఈ స్థాయిలో, అంటే ఏడో తరగతిలోనో ఆపై తరగతిలోనో, ఒడియా ఒక భాషగా పాసై ఉండాలి. లేకపోతే ఆ స్థాయి ఒడియా పరీక్ష ప్రత్యేకంగా రాసి పాస్ కావాలి. మీ అమ్మాయి ఒడియా ఒక సబ్జెక్టుగా చదివిందని రాశారు, మంచిది. ఆ మార్కుల పత్రం ఇంట్లో ఉందా? బీరువా తీసి ఈరోజే చూడండి. లేకపోతే బడికి వెళ్లి నకలు అడగండి. నోటిఫికేషన్ వచ్చాక పరుగెడితే బడివాళ్ల దగ్గర ఆ రిజిస్టరు దొరక్కపోవచ్చు. ఏడో తరగతి తర్వాత ఒడియా వదిలేసి ఉంటే రోజూ కొంత రాయించండి. ఆఫీసులో నోటు పెట్టాల్సింది ఆ భాషలోనే.

పీఈఓ ఉద్యోగాన్ని తక్కువగా చూడొద్దు. గ్రామసభ, పల్లీసభ (ఒక్కో ఊరి సభ) తీర్మానాల పుస్తకం, క్యాష్ బుక్, ఆస్తుల రిజిస్టరు, పన్నుల డిమాండ్ రిజిస్టరు, అన్నీ ఆ మనిషి చేతి మీదుగానే నడుస్తాయి. లెక్కలు ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లోకి ఎక్కించాలి. సమాచార హక్కు చట్టం 2005లో సెక్షన్ 4 ఏమంటుందంటే, ప్రతి ప్రభుత్వ సంస్థా తన రికార్డులన్నిటినీ జాబితా చేసి, సూచికతో సక్రమంగా ఉంచుకోవాలి. అంటే మీ అమ్మాయి సెలవుల్లో చేసిన పని ఏ ఆఫీసైనా చట్టప్రకారం చేయాల్సినదే. దరఖాస్తు వచ్చిన 30 రోజుల్లో జవాబివ్వాలి కాబట్టి, కాగితం ఎక్కడుందో తెలిసిన ఉద్యోగికి ఆఫీసులో విలువ వేరు. ఈ మాట బీడీఓలకు నేను చెప్పక్కర్లేదు, వాళ్లకు బాగా తెలుసు.

రెండో దారి ఆర్కైవ్స్ వృత్తి. ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్ ఆఫ్ ఇండియా ఉంది, 1891లో కలకత్తాలో మొదలైన సంస్థ. దాని స్కూల్ ఆఫ్ ఆర్కైవల్ స్టడీస్‌లో ఆర్కైవ్స్, రికార్డుల నిర్వహణ మీద ఏడాది పీజీ డిప్లొమా ఉంది. దానికి పీజీ కావాలి. అంటే బీఏ తర్వాత ఎంఏ హిస్టరీ, ఆ తర్వాత డిప్లొమా, మొత్తం మూడేళ్లు. అంత ఓపిక లేకపోతే అక్కడే కొన్ని వారాల చిన్న కోర్సులున్నాయి. రికార్డుల నిర్వహణ, చినిగిన కాగితం మరమ్మతు, పుస్తకాలు, రాతప్రతుల సంరక్షణ లాంటివి. వీటిలో చాలావాటికి డిగ్రీ చాలు. అర్హతలు, తేదీలు ఆ ఏడాది ప్రకటనలోనే చూసుకోండి, కోచింగ్ సెంటర్ల మాట నమ్మొద్దు.

లైబ్రరీ సైన్స్ కూడా దీనికి దగ్గరి దారే. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో ఆ విభాగం ఉంది, ఇంటి నుంచి చదవాలంటే ఇగ్నో ఉంది. కొట్టు మీద ఆధారపడ్డ కుటుంబం కనుక మీకు ఇగ్నో బాగా కుదురుతుంది. ఒక పక్క ఓఎస్ఎస్ఎస్‌సీకి చదువుకుంటూ ఇంకో పక్క ఇది సాగించొచ్చు.

డిప్లొమా తర్వాత ఎక్కడికి? నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆర్కివిస్ట్ పోస్టులకు యూపీఎస్‌సీ ప్రకటనలు ఇస్తుంటుంది. భువనేశ్వర్‌లో ఒడిశా స్టేట్ ఆర్కైవ్స్ ఉంది. రిజర్వ్ బ్యాంకుకు పుణెలో 1981 నుంచి సొంత ఆర్కైవ్స్ ఉంది. టాటా, గోద్రెజ్ సంస్థలు తమ చరిత్ర కాగితాలను దాచుకునే విభాగాలు నడుపుతున్నాయి. బెంగళూరులో ఎన్‌సీబీఎస్ అనే సైన్స్ సంస్థ 2019లో ఒక ఆర్కైవ్స్ తెరిచింది. అంటే బ్యాంకు వద్దన్న అమ్మాయి బ్యాంకులోనే రికార్డుల పని చేసే వీలూ ఉంది, మీకు కొంత ఊరట! కానీ ఇవన్నీ తక్కువ పోస్టులు, ఏళ్ల తరబడి ఖాళీలే రాకపోవచ్చు. అందుకే మొదటి దారిని వదలొద్దంటున్నాను.

నా ఉద్దేశం అడిగితే మొదటి దారే మీ అమ్మాయికి సరిపోతుంది. ఢిల్లీలో ఇలాంటి చదువున్నవాళ్లు దొరుకుతారు. మీ గజపతి జిల్లాలో తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడూ చదివి, రికార్డుల పద్ధతి తెలిసిన ఉద్యోగి దొరకడం కష్టం. ఉద్యోగంలో స్థిరపడ్డాక డిపార్టుమెంటు తరఫున చిన్న కోర్సులకు పంపమని అడగొచ్చు.

మీ ఆవిడగారి దుమ్ము భయం నిజమే. పాత కట్టల్లో దుమ్ము, బూజు ఉంటాయి. ఆస్తమా ఉన్నవాళ్లకు ఈ పని వద్దనే చెబుతాను. లేనివాళ్లకు మాస్కు, చేతులకు గ్లవ్స్, తెరిచిన కిటికీ, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవడం చాలు. ఇవి లేకుండా ఇంటర్న్‌షిప్‌లో కూర్చోబెట్టి ఉంటే అది వాళ్ల తప్పు, ఈసారి అడిగి తీసుకోమనండి.

నేర్చుకోవలసిన మెలకువలు కొన్ని ఇప్పుడే చెబుతాను, ఖర్చు లేనివి. చినిగిన పేజీకి సెల్లోటేపు అంటించకూడదు, కొన్నేళ్లకు ఆ జిగురు పసుపెక్కి అక్షరాన్ని తినేస్తుంది. ప్లాస్టిక్ లామినేషన్ అసలే వద్దు, ఒకసారి చేశాక కాగితాన్ని క్షేమంగా బయటికి తీయలేరు. తుప్పు పట్టిన గుండుసూదులు నెమ్మదిగా తీసి దారంతో కట్టాలి. కట్టలు గోడకు, నేలకు ఓ జానెడు దూరంగా ఉండాలి, చెమ్మా చెదలూ వచ్చేది అక్కడి నుంచే. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను మీ జిల్లాను ఎలా ముంచిందో మీకు చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు కింది అరలో ఉన్నదే ముందు పోతుంది, అందుకే జనన మరణ రిజిస్టర్లు, తీర్మానాల పుస్తకాలు పై అరల్లో ఉండాలి. తడిసిన కాగితాన్ని ఎండలో వేయకూడదు. నీడలో ఫ్యాను గాలికి ఆరబెట్టాలి, అదీ రెండు రోజుల లోపే, ఆ తర్వాత బూజు పట్టేస్తుంది.

జాబితా రాసేటప్పుడు కట్ట నంబరు, బీరువా నంబరు, విషయం, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, ఏ భాష, ఏ స్థితిలో ఉంది, ఇవి ఉంటే చాలు. భాష అనే గడి చాలామంది వదిలేస్తారు. మీ వైపు అదే ముఖ్యం. స్కానింగ్ తర్వాతి సంగతి. జాబితా లేకుండా స్కాన్ చేస్తే రికార్డు రూములోని గందరగోళమే కంప్యూటర్లోకి వస్తుంది. స్కాన్ అయిందని ఒరిజినల్ పారేయడం అంతకంటే పెద్ద తప్పు. ఏది ఎన్నేళ్లు ఉంచాలి, ఏది శాశ్వతం అనేది నియమాల ప్రకారం పై అధికారి నిర్ణయించాలి, గది ఖాళీ చేయాలన్న తొందరలో ఎవరూ నిర్ణయించకూడదు.

ఒక జాగ్రత్త గట్టిగా చెప్పండి. ఆ రిజిస్టర్లలో జనం పేర్లు, కులాలు, ఆస్తులు ఉంటాయి. నచ్చిన పేజీని ఫోన్‌లో ఫొటో తీసి వాట్సాప్‌లోనో ఫేస్‌బుక్‌లోనో పెట్టకూడదు. ఈ వృత్తిలో మంచిపేరు ఒక్కసారి పోతే మళ్లీ రాదు.

ఈ నెలలో చేయవలసినవి ఇవి. మార్కుల పత్రం సంగతి చెప్పాను. ఇంటర్న్‌షిప్ చేసిన ఆఫీసు నుంచి, ఫలానా తేదీల్లో ఫలానా రిజిస్టర్ల జాబితా తయారు చేసిందని లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు సంతకం, సీలు ఉండాలి. తను రాసిన జాబితా నకలు ఒకటి అనుమతి తీసుకుని దగ్గర ఉంచుకోమనండి. రేపు డిప్లొమా ఇంటర్వ్యూలో అయినా, ఆఫీసులో చేరాక అయినా చూపించడానికి అదే ముందు పనికొస్తుంది. వచ్చే సెలవుల్లో అదే ఆఫీసులో మిగిలిన కట్టలు చేస్తానని ఇప్పుడే దరఖాస్తు పెట్టించండి, తెలుగు కట్టలు తనకే ఇవ్వమని అందులో రాయండి. బరంపురం కోచింగ్ డబ్బులో కొంత ఓఎస్ఎస్ఎస్‌సీ పుస్తకాలకు వాడండి. మిగతాది ఎంఏ ఫీజుకి దాచండి.