సీసీ రోడ్డు ఎవరినడిగి వేశారు? పంచాయతీ లెక్క అడిగే హక్కు నాకుందా?

ప్రశ్న: సార్, నమస్తే. మాది దేవరకొండ వైపు ఒక చిన్న గ్రామ పంచాయతీ. మా వాడలో మోరీ పొంగి నీళ్లు ఇండ్లలోకి వస్తుంటే, దాన్ని వదిలేసి ఎవరూ పెద్దగా తిరగని దారిలో సీసీ రోడ్డు వేసిన్రు. బిల్లు చూపించమంటే కార్యదర్శి ‘నువ్వేమన్నా వార్డు మెంబరువా?’ అన్నడు. గ్రామసభ పెట్టినట్టు మాకెవరికీ తెల్వదు. కానీ పెట్టినట్టు కాగితం ఉందట, అందులో మా అమ్మ వేలిముద్ర కూడా ఉందట. ఒక వార్డు మెంబరే చెప్పిండు. ఆ రోజు మా అమ్మ చెల్లె కాన్పుకని హైదరాబాద్‌లో ఉంది. కేసు వెయ్యొచ్చా? – ఒక పాఠకుడు, నల్గొండ జిల్లా

జవాబు: వెయ్యొచ్చు. కానీ ఇప్పుడే వేస్తే నిలవదు. మీ దగ్గరున్నవన్నీ విన్న మాటలే, కాగితం ఒక్కటీ లేదు. ముందు కాగితాలు చేతికి రానివ్వండి.

కార్యదర్శి అడిగినదానికి జవాబు చెప్తాను. లెక్క అడగడానికి వార్డు మెంబరు కానక్కర్లేదు. ఊరి ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018లో 6వ సెక్షన్ గ్రామసభ గురించే. రెండు నెలలకోసారి సభ పెట్టాలి. కిందటేడు జమాఖర్చులు, ఆడిట్ రిపోర్టు, ఈ ఏడు చేయబోయే పనులు సభ ముందు పెట్టాలి. మోరీ ముందా, రోడ్డు ముందా అని తేల్చుకోవాల్సిన చోటు అది. ఇక సమాచార హక్కు చట్టం, 2005 కింద కాగితాలు అడగాలంటే ఓటరు కూడా కానక్కర్లేదు, భారత పౌరుడైతే చాలు.

రోడ్డు ఎప్పుడు వేశారో మీరు రాయలేదు. అది చాలా ముఖ్యం. 2024 ఫిబ్రవరిలో పాత పాలకవర్గాల గడువు అయిపోయింది. 2025 డిసెంబరులో ఎన్నికలయ్యేదాకా పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతిలోనే ఉన్నాయి. ఆ మధ్య వేసిన రోడ్డయితే ఇప్పటి సర్పంచ్‌తో కొట్లాడి లాభం లేదు. నా దగ్గరికొచ్చే ఇలాంటి గొడవల్లో సగం, తప్పు మనిషి మీద కోపంతోనే మొదలవుతాయి.

రెండోది, పైసలు ఎక్కడివి? ఊళ్లో వేసిన ప్రతి రోడ్డూ పంచాయతీ పైసలతో వేసింది కాదు. ఉపాధి హామీ నిధులో, ఎమ్మెల్యే నిధులో అయితే రికార్డు పంచాయతీరాజ్ ఇంజనీర్ల ఆఫీసులో ఉంటుంది. అలాంటప్పుడు ‘మా దగ్గర లేదు’ అని కార్యదర్శి చెప్తే అది నిజమే కావచ్చు. అయినా మీ సమాచార హక్కు దరఖాస్తును తిప్పి పంపకూడదు. అయిదు రోజుల్లోపు ఆ ఆఫీసుకు ఆయనే బదిలీ చేసి మీకు తెలపాలి.

పంచాయతీ పైసలే అయితే, ఇంట్లో కూర్చుని ఫోన్‌లో ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్ తెరవండి. మీ పంచాయతీ, ఆర్థిక సంవత్సరం ఎంచుకుంటే ఆ ఏడాది ప్రణాళికలో ఏ పనులు రాశారు, ఎంత చెల్లించారు అన్నది కనిపిస్తుంది. కేంద్రం నుంచి వచ్చిన 15వ ఆర్థిక సంఘం నిధులయితే ఇంకో సంగతి కూడా చూడాలి. 2021–26 మధ్య వచ్చిన ఆ నిధుల్లో 60 శాతం పారిశుద్ధ్యానికీ తాగునీటికీ కట్టేసినవి. ఆ వాటాలోంచి సీసీ రోడ్డుకు తీస్తే, గ్రామసభ జరిగిందా లేదా అన్నదాకా పోనక్కర్లేదు, అదే మీ మొదటి అభ్యంతరం. మీ మోరీకి నిజంగా అక్కరకొచ్చే పాయింటు ఇదేనని నా అభిప్రాయం.

ఇప్పుడు దరఖాస్తు. ‘మోరీ ఎందుకు బాగుచేయలేదు, రోడ్డు ఎవరి లాభం కోసం వేశారు’ అని రాయకండి. ‘ఎందుకు’ అనేదానికి సమాచార హక్కులో జవాబు రాదు, రికార్డు మాత్రమే వస్తుంది. ఇలా రాయండి: ‘ఫలానా ఇంటి నుంచి ఫలానా దాకా వేసిన సీసీ రోడ్డుకు సంబంధించి అంచనా, పంచాయతీ తీర్మానం, గ్రామసభ మినిట్స్, హాజరైనవారి సంతకాల పట్టిక, ఎం.బి. పేజీలు, చెల్లింపు వోచర్లు – వీటి ధ్రువీకరించిన నకళ్లు ఇప్పించగలరు.’ గ్రామ స్థాయిలో దరఖాస్తు ఫీజు లేదు. మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి. ఆ అప్పీలు వినే అధికారి ఎవరో పంచాయతీ ఆఫీసు బోర్డు మీద రాసి ఉండాలి. అక్కడా కాకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు పోవచ్చు. కారణం లేకుండా ఆపిన అధికారికి రోజుకు 250 చొప్పున 25,000 దాకా జరిమానా పడుతుంది.

ఎం.బి. అంటే మెజర్‌మెంట్ బుక్కు. ఇంజనీరు కొలిచి రాసిన పుస్తకం. బిల్లంతా దీని మీదే నడుస్తుంది. ఉదాహరణకు అందులో 120 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 0.15 మీటర్ల మందం అని ఉందనుకోండి. 54 ఘనపు మీటర్ల కాంక్రీటన్నమాట. నిజంగా మందం 0.10 మాత్రమే ఉంటే 36. మూడో వంతు గాయబ్! పొడవు, వెడల్పు మీరే టేపుతో కొలుచుకోవచ్చు. మందం మాత్రం అంచు చూసి తేల్చకండి. అంచున మందంగా పోసి నడుమ పల్చగా లాగించడం కొత్తేమీ కాదు. పనిని తనిఖీ చేయడానికీ, వాడిన సామాన్ల నమూనాను ధ్రువీకరణతో తీసుకోవడానికీ అదే సమాచార హక్కు చట్టం వీలిచ్చింది. ఈ సంగతి చాలామందికి తెలియదు.

తేడా కనిపిస్తే ఆ కాగితాలు జతచేసి జిల్లా పంచాయతీ అధికారికి రాయండి, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణిలోనూ ఇచ్చి రసీదు తీసుకోండి. సర్పంచ్ నిధులు దుర్వినియోగం చేసినట్టు తేలితే పదవి నుంచి తప్పించే అధికారం కలెక్టర్‌కుంది. ఒక మాట ముందే చెప్తున్నాను: గ్రామసభ సరిగ్గా పెట్టలేదని వేసిన రోడ్డును తవ్వించమని కోర్టు చెప్పదు. బిల్లు ఇంకా పాస్ కాకుంటే మాత్రం మీ అభ్యంతరానికి బలం వేరే. అందుకే ఆలస్యం వద్దు.

వేలిముద్ర సంగతి మాత్రం వేరు. లేని మనిషి ముద్ర వేస్తే అది ఫోర్జరీ, పోలీసు కేసు అవుతుంది. కానీ నకలు మీ చేతికొచ్చేదాకా ఊళ్లో ఆ మాట ఎత్తకండి, పాత పట్టిక పోయి కొత్తది రావడానికి ఒక్క రాత్రి చాలు. చెల్లె కాన్పయిన ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, అమ్మ బస్సు టికెట్ ఉంటే జాగ్రత్త చేయండి. నకలు వచ్చాక అమ్మనే ఫిర్యాదుదారుగా పెట్టాలి, మీరు కాదు. ఆమెకు ఇష్టం లేకపోతే బలవంతం చేయొద్దు. ఊళ్లో రోజూ ఆ మొహాలే చూడాల్సింది ఆమె.

దరఖాస్తు చేత్తో ఇవ్వకండి, తీసుకోలేదంటారు. స్పీడ్ పోస్టులో, ‘ప్రూఫ్ ఆఫ్ డెలివరీ’ (అందినట్టు రుజువు) కావాలని అడిగి పంపండి. ఆ రుజువు వచ్చాక దాని మీద ఉన్న తేదీని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి, 30 రోజుల లెక్క అక్కడి నుంచే.